బట్ట కరిగి, దారం మిగిలి: కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో ఉబ్బెత్తు పని వెనుక విజ్ఞానం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు తూర్పున, మహానదికి దగ్గరలో ఆరంగ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి భాండ్ దేవల్ సుమారు 11వ శతాబ్దపు జైన ఆలయం. దాని బయటి గోడల నిండా శిల్పాలే. ఎండ గోడ మీద ఏటవాలుగా పడినప్పుడు ప్రతి మలుపు కింద సన్నని నీడ ఏర్పడి బొమ్మలు లేచి వచ్చినట్టు కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజున వెలుతురు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది. నీడలు పలచబడతాయి. అదే గోడ కాస్త చదునుగా తోస్తుంది. అంటే ఎత్తుపల్లాలను కంటికి చూపించేది రాయి ఒక్కటే కాదు, రాయీ వెలుతురూ కలిసి చేసే పని అది.

ఆలయ శిల్పి ఎత్తుపల్లాలు తేవడానికి రాయిని తొలగించాడు. బట్ట మీద ఆ వీలు లేదు. తొలిచేంత మందం బట్టకు ఉండదు కనుక ఎత్తును పైనుంచి చేర్చాలి, లేదా బట్టనే ముడవాలి, లేదా దారంతోనే కొత్త ఆకారం కట్టాలి. పెళ్లి జాకెట్టు చేతుల మీద నెమలి ఉబ్బుగా రావాలనీ, టోపీ మీద అక్షరాలు వేలికి తగలాలనీ, అంచు లేసులా గాలి ఆడేలా ఉండాలనీ కోరే కొనుగోలుదారు నిజానికి అడుగుతున్నది ఇదే. ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం ఈ కోరికను తీర్చగలదు. అయితే ఆ ఎత్తు యంత్రం నుంచి రాదు, దారం చుట్టూ పెట్టే పదార్థాల నుంచి వస్తుంది. వాటిలో కొన్ని లోపలే దాగిపోతాయి, కొన్ని కుంచించుకుపోతాయి, కొన్ని నీళ్లలో పూర్తిగా కరిగిపోతాయి.

ఫైలులో లేని అంకె

డిజైన్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పనిని మన దుకాణాల్లో 'పంచింగ్' అంటారు. ఒకప్పటి పెద్ద ఎంబ్రాయిడరీ యంత్రాలు చిల్లులు పొడిచిన కార్డులను చదివి కుట్టేవి. కార్డులు పోయినా పేరు మిగిలింది. ఇప్పుడు ఆ కార్డు స్థానంలో ఒక చిన్న ఫైలు ఉంటుంది. జపాన్ కంపెనీ తజిమా యంత్రాలతో ప్రచారంలోకి వచ్చిన డీఎస్‌టీ రకం ఫైలునే తీసుకుంటే, అందులో ఒక్కో కుట్టుకు మూడు బైట్ల సమాచారమే ఉంటుంది. సూది ముందున్న చోటు నుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత జరగాలన్నదే ఆ సమాచారం. కొలత 0.1 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. ఒక్క అడుగులో ఏ దిక్కునైనా 12.1 మిల్లీమీటర్లకు మించి జరగడానికి వీలు లేదు.

ఎత్తు అనే మూడో అంకె ఈ ఫైలులో లేదు. ఫ్రేములో బిగించిన బట్ట కుడిఎడమలకూ ముందువెనుకలకూ జరుగుతుంటుంది. సూది ఎప్పుడూ ఒకే తీరులో పైకీ కిందికీ ఆడుతుంటుంది. పై దారం బట్టలోంచి కిందికి దిగి చిన్న ఉచ్చులా మారగానే, కింద తిరిగే కొక్కెం దాన్ని పట్టుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ బట్ట మందంలో పెనవేసుకుంటాయి. దీన్నే లాక్‌స్టిచ్ అంటారు. నిమిషానికి కొన్ని వందల సార్లు జరిగే ఈ పనికి తన కింద బట్ట ఉందో, ఫోమ్ ఉందో, రేపు కరిగిపోయే పొర ఉందో తెలియదు. ఆ ఏర్పాటు మనిషి చేయాలి.

వెలుతురుతో ఆడే దారం

ఏ అదనపు పదార్థమూ లేకుండా దారం తానే కొంత ఉబ్బెత్తు చూపగలదు. ఎంబ్రాయిడరీకి వాడే రేయాన్, పాలిస్టర్ దారాల్లో మెరిసే సన్నని పోగులు ఎన్నో పక్కపక్కనే ఉంటాయి. పాలిస్టర్ దారాల్లో చాలావాటి పోగును అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు. మూడు రేకుల ఆకారంలో ఉంటుంది. ఆ రేకుల వాలు వెలుతురును చిన్న అద్దంలా వెనక్కి పంపుతుంది.

నున్నని గుండ్రటి తీగ మీద వెలుతురు పడితే అది ఒకే దిశలో వెనక్కి రాదు. తీగను అక్షంగా చేసుకుని ఒక శంకువు ఆకారంలో పరచుకుంటుంది. దారాలన్నీ ఒకే వైపు పరిచిన సాటిన్ కుట్టులో ఈ శంకువులన్నీ ఒకే దిశకు తిరిగి ఉంటాయి. కన్ను ఆ శంకువు దారిలో పడితే మెరుపు కనిపిస్తుంది, పక్కకు తప్పుకుంటే అదే దారం ముదురుగా తోస్తుంది. అందుకే ఒక ఆకును మధ్య ఈనె దగ్గర రెండుగా విడదీసి, ఒక సగాన్ని ఒక కోణంలో, రెండో సగాన్ని మరో కోణంలో కుడితే, ఒకే కండె నుంచి వచ్చిన దారమైనా రెండు రంగులన్నట్టు కనిపిస్తుంది. ఆకు మధ్యలో మడిచినట్టు భ్రమ కలుగుతుంది. ఇక్కడ ఎత్తు పెరగలేదు. మారింది కోణం మాత్రమే.

కొంత నిజమైన ఎత్తు కూడా తేవచ్చు. పైన కనిపించే సాటిన్ వరుసలకు ముందు, అడుగున కొన్ని కుట్లు వేస్తారు. వీటిని అండర్‌లే అంటారు. మొదట అంచుల వెంట ఒక వరుస, దాని మీద వెడల్పుగా వంకర టింకర కుట్లు వేస్తే సాటిన్ వాటి మీద పందిరిలా నిలుస్తుంది. అడుగు కుట్లు బట్టను ఆసరా పొరకు గట్టిగా కట్టేయడం వల్ల మరో మేలు ఉంది. బిగుతైన ప్రతి కుట్టూ బట్టను లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు వృత్తం కోడిగుడ్డు ఆకారంలోకి మారిపోతుంది. అండర్‌లే ఉన్నచోట ఈ వైకల్యం తగ్గుతుంది. మిగిలిన దాన్ని లెక్కించి, పంచింగ్ చేసేవారు ఆకారాన్ని ముందే ఆ వైపు కాస్త వెడల్పుగా గీస్తారు.

సూదే కత్తెరగా

దారం పొరలతో వచ్చే ఎత్తు స్వల్పమే. ఇంకా కావాలంటే కుట్టు కింద ఏదైనా పెట్టాలి. టోపీల మీద లావుగా లేచిన అక్షరాల లోపల ఉండేది రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ షీటు. చాలావరకు అది ఇథిలీన్ వినైల్ ఎసిటేట్, అంటే తేలికపాటి చెప్పుల అడుగుభాగాల్లో వాడే ఈవీఏ. లోపల మూసుకుపోయిన సూక్ష్మ గాలిగదులు ఉండటం వల్ల దారం నొక్కినా అది తిరిగి ఉబ్బుతుంది.

ఇందులో మెచ్చుకోదగ్గ విషయం ఫోమ్‌ను కత్తిరించే తీరు. మామూలు సాటిన్‌లో వరుసల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫోమ్ మీద దాన్ని 0.2 దగ్గరికి తెస్తారు. తరచుగా వాడే 75 నంబరు సూది మందం 0.75 మిల్లీమీటర్లు. ఎడం కంటే సూది మూడింతలు పైగా లావు కనుక పక్కపక్క రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తపాలా బిళ్లల షీటులో చిల్లుల వరుస వెంట చింపినట్టు, కుట్టు పూర్తయ్యాక బయటి ఫోమ్ చేతితో లాగితే ఊడి వచ్చేస్తుంది. అయితే సూది దిగేది సాటిన్ గీతకు రెండు పక్కల అంచుల్లోనే. గీత మొదలూ చివరా తెరుచుకునే ఉంటాయి. అందుకే అక్కడ ముందుగా అడ్డ కుట్లు వేసి మూతలు పెడతారు. అది మరిచిన అక్షరాల కొసల్లోంచి ఫోమ్ తొంగిచూస్తుంది. అక్కడక్కడా మిగిలిన నలుసులకు వేడిగాలి చూపిస్తే ఈవీఏ కుంచించుకుని దారం కిందికి పోతుంది. ఎక్కువ సేపు చూపిస్తే పాలిస్టర్ దారమూ పాడవుతుంది.

మగ్గం సూది చేసిన ప్రయాణం

ఎత్తుకు మరో దారి ఉచ్చులు. తెలుగువారు మగ్గం వర్క్ అనే పనిలో బట్టను నాలుగు పక్కలా చెక్క చట్రానికి బిగించి, కొస వంపు తిరిగిన ఆరీ సూదిని పైనుంచి దించుతారు. కింద పట్టుకున్న దారాన్ని ఆ వంపు పట్టి పైకి లాగుతుంది. ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు వచ్చి గొలుసు కుట్టు తయారవుతుంది. తూర్పు దేశాల నుంచి 18వ శతాబ్దంలో యూరప్ చేరిన ఇలాంటి కొక్కెపు కుట్టును అక్కడ టాంబూర్ పని అన్నారు. 1865లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంటోయిన్ బొనా ఈ కదలికను యంత్రానికి నేర్పాడు. తర్వాత ఆ యంత్రాలు కోర్నెలీ పేరుతో ప్రసిద్ధి చెందాయి.

గొలుసు వేయకుండా ఉచ్చును పైన అలాగే వదిలేస్తే తువ్వాలు మీది పోగుల్లాంటి మెత్తని గుబురు వస్తుంది. కాలేజీ జాకెట్ల మీద కనిపించే బొద్దు అక్షరాలు ఇలా చేసినవే. దీన్ని షెనిల్ అంటారు. లాక్‌స్టిచ్‌లో రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక్కడ ఉన్నది ఒకే దారం, ముడి లేదు. కొస దొరికితే మొత్తం ఊడివస్తుంది. కాబట్టి వెనుక జిగురు పొర తప్పనిసరి.

లోపమే నగిషీగా

కుట్టు చుట్టూ బట్ట ముడతలు పడితే దర్జీ తలపట్టుకుంటాడు. కానీ అదే ముడతను లెక్క ప్రకారం రప్పిస్తే అది అలంకారం అవుతుంది. వేడికి కుంచించుకునే ప్రత్యేక పాలిస్టర్ బట్టలు ఉన్నాయి. తయారీలో వాటి పాలిమర్ గొలుసులను సాగదీసి, ఆ స్థితిలోనే చల్లార్చి పెడతారు. ఆవిరి తగలగానే గొలుసులు కదలడానికి వీలు చిక్కి, తమకు సహజమైన చుట్టల రూపంలోకి వెళ్లిపోతాయి. బట్ట సుమారు 30 శాతం దాకా కుదించుకుపోతుంది. దీని మీద నూలు బట్ట పరిచి గళ్లుగానో వలయాలుగానో యంత్రంతో కుట్టి, ఆపై ఆవిరి పట్టిస్తే అడుగు బట్ట దగ్గరవుతుంది. నూలు బట్ట కుదించుకోదు. మిగిలిపోయిన పొడవుకు పోవడానికి పైవైపు తప్ప మరో చోటు లేదు. కుట్ల మధ్య బుడిపెల్లా లేస్తుంది.

ఎంత ఎత్తు వస్తుందో చిన్న లెక్కతో అంచనా కట్టవచ్చు. రెండు కుట్టు వరుసల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు అనుకుందాం. 30 శాతం కుదింపుతో అది 14 అవుతుంది. పై బట్ట వృత్త చాపంలా వంగుతుందనుకుంటే బుడిపె దాదాపు 6 మిల్లీమీటర్లు లేస్తుంది. కుదింపు 10 శాతమే అయితే ఎత్తు మూడో వంతుకు పడిపోతుందనుకుంటాం, కానీ అప్పుడూ సుమారు 3.7 మిల్లీమీటర్లు వస్తుంది. 5 శాతానికే 2.7 మిల్లీమీటర్లు. తక్కువ కుదింపుల్లో ఎత్తు కుదింపుతో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. కొత్త నూలు బట్టను తడిపి ఆరేయకుండా కుడితే మొదటి ఉతుకులోనే ముడతలు అంత కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం ఇదే. కొద్దిపాటి కుదింపే కంటికి పెద్ద ఎగుడుదిగుడుగా మారుతుంది.

ముడతల మధ్య దూరాన్ని నిర్ణయించే సూత్రాలూ ఉన్నాయి. పలుచని పొరను లాగితే, నొక్కితే ముడతలు ఎంతెంత దూరంలో వస్తాయో వివరించే సాధారణ సిద్ధాంతాన్ని ఎన్రిక్ సెర్డా, ఎల్. మహదేవన్ 2003లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ పత్రికలో ప్రచురించారు. పొర వంగడానికి చూపే బిరుసుదనం పెద్ద ముడతలను కోరుకుంటుంది, దాన్ని పట్టి ఉంచే బలం చిన్న ముడతలను కోరుకుంటుంది. రెండింటి మధ్య రాజీయే మనకు కనిపించే దూరం. ఎంబ్రాయిడరీలో ఆ పట్టి ఉంచే పని కుట్టు చేస్తుంది. మెత్తని మల్లు బట్టకు దగ్గర దగ్గర కుట్లూ, బిరుసైన బట్టకు ఎడంగా కుట్లూ నప్పడం వెనుక ఉన్నది ఇదే.

పట్టును కరిగించిన లేసు

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ బట్ట మీద నిలిచే పనులు. బట్టే లేకుండా దారాన్ని ఒంటరిగా నిలబెట్టడం వీటన్నిటి కంటే కష్టమైనది. దాని మూలం స్విట్జర్లాండ్‌లో ఉంది. 1863లో ఐజాక్ గ్రోబ్లీ కుట్టు యంత్రంలోని సూత్రాన్నే వందల సూదులకు వర్తింపజేసి కొత్త ఎంబ్రాయిడరీ యంత్రం చేశాడు. కింది దారాన్ని మోసే నాడె చిన్న పడవ ఆకారంలో ఉండటంతో, అక్కడి భాషలో చిన్న పడవ అనే అర్థమిచ్చే షిఫ్లీ అన్న పేరు దానికి వచ్చింది.

1880ల్లో సెయింట్ గాలెన్ ప్రాంతపు తయారీదారులు ఈ యంత్రంతో పలుచని పట్టు మీద నూలు దారంతో దట్టంగా కుట్టి, తర్వాత ఆ పట్టును ఘాటైన క్షారంలో కరిగించేశారు. పట్టు ప్రోటీన్, నూలు సెల్యులోజ్. క్షారం ప్రోటీన్ గొలుసును తెంపేస్తుంది, సెల్యులోజ్‌ను దాదాపు ముట్టుకోదు. పట్టుచీరను ఘాటు సబ్బుతో ఉతకవద్దని ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాటలో ఉన్న రసాయనమే ఇది. చీరకు హాని చేసే గుణం అక్కడ పరిశ్రమకు పనికొచ్చింది. పట్టు పోయి నూలు దారాల అల్లిక మాత్రం మిగిలింది. చూడటానికి చేత్తో నెలల తరబడి అల్లిన లేసులా ఉన్న దీన్ని కెమికల్ లేసు అన్నారు. తర్వాతి కాలంలో పట్టు స్థానంలో ఎసిటేట్ బట్టా, క్షారం స్థానంలో ఎసిటోన్ వచ్చాయి. నేడు ఆ స్థానం ఎక్కువగా పాలీవినైల్ ఆల్కహాల్‌ది. దీన్ని కరిగించడానికి నీళ్లు చాలు.

నీటిని ప్రేమించే పొర

పాలీవినైల్ ఆల్కహాల్‌ను 1924లో జర్మనీకి చెందిన విల్లీ హెర్మన్, వోల్ఫ్‌గాంగ్ హేనెల్ తొలిసారి తయారుచేశారు. వడ్రంగులు వాడే తెల్ల జిగురులో ఉండే పాలీవినైల్ ఎసిటేట్ దీనికి ముడిసరుకు. ఆ గొలుసుకు వేలాడే ఎసిటేట్ గుంపులను తీసేసి వాటి స్థానంలో హైడ్రాక్సిల్ గుంపులు పెడితే పాలీవినైల్ ఆల్కహాల్ వస్తుంది. హైడ్రాక్సిల్ నీటితో హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటుంది, అందుకే పొర కరుగుతుంది.

మరి ఎసిటేట్‌ను పూర్తిగా తీసేస్తే ఇంకా తేలిగ్గా కరగాలి కదా? జరిగేది దానికి విరుద్ధం. సుమారు 88 శాతం మార్చిన రకం చల్లని నీటిలోనే కరుగుతుంది. 98 శాతం దాటి మార్చిన రకానికి బాగా వేడి నీళ్లు కావాలి. హైడ్రాక్సిల్ గుంపులు మరీ ఎక్కువైతే అవి నీటికంటే ముందు ఒకదానితో ఒకటి చేయి కలుపుకుంటాయి. గొలుసులు క్రమంగా పేర్చుకుని స్ఫటికాల్లా బిగుస్తాయి, నీరు దూరడానికి సందు ఉండదు. అక్కడక్కడా మిగిలిన ఎసిటేట్ గుంపులు ఆ పేర్పును చెదరగొట్టి సందులు ఉంచుతాయి. ఎంబ్రాయిడరీ దుకాణానికి వచ్చే పొరల్లో చల్లనీటి రకం, వేడినీటి రకం అని రెండు కనిపించడానికి మూలం ఈ పది శాతం తేడానే.

నీటితో ఈ స్నేహం వల్ల వాతావరణం కూడా పనిలో జోక్యం చేసుకుంటుంది. పొరలో ఇంకిన తేమ గొలుసుల మధ్య చేరి వాటిని జారేలా చేస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే పొడి గాలి వీచే ఆరంగ్ లాంటి చోట్ల పొర తేమ కోల్పోయి పెళుసుబారుతుంది. సూది దెబ్బకు పగిలి, ఫ్రేములోంచి చీలుకుపోవచ్చు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న నరసాపురం లాంటి ఊళ్లలో అదే పొర గాలిలోని తేమ పీల్చి మెత్తబడి, సాగి, చేతికి అంటుకుంటుంది. సాగిన పొర మీద కుట్టిన వృత్తం కొస మొదలును చేరదు. రెండుచోట్లా పరిష్కారం ఒకటే. గాలి చొరబడని సంచిలో పొరను భద్రపరిచి, కావలసినప్పుడే బయటికి తీయాలి.

ఆసరా పోయాక నిలవాలంటే

పొర కరిగాక లేసు నిలుస్తుందా, దారాల ముద్దగా మారుతుందా అన్నది రసాయనం చేతిలో లేదు. అది పంచింగ్ చేతిలో ఉంది. లాక్‌స్టిచ్‌లో రెండు దారాలు బట్టను మధ్యలో ఉంచుకుని పెనవేసుకుంటాయి. మధ్యలోది మాయమైతే ఆ పట్టు వదులవుతుంది. సాటిన్ వరుస ఒక్కటే కుట్టి నీళ్లలో వేస్తే అది మెలికలు తిరిగిన పొడవాటి దారంగా మిగులుతుంది.

అందుకే మొదట ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే మామూలు కుట్లతో వలలాంటి చట్రం వేస్తారు. కలిసే ప్రతి చోటా ఒక దారం మరో దారాన్ని బంధించాలి. ఆ చట్రం మీదే సాటిన్ వస్తుంది. ఒక మండలంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా రోడ్డు దారి ఉండాలన్నట్టు, డిజైన్‌లోని ఏ రేకు నుంచి ఏ రేకుకైనా దారం వెంట చేరుకోగలగాలి. చేరలేని రేకు ఉంటే అది నీళ్లలో విడిపోయి తేలుతుంది. బాబిన్‌లోనూ పై దారం రంగే ఉండాలి, ఎందుకంటే ఈ పనికి వెనుక వైపు అంటూ లేదు.

ఉతకడంలోనూ ఒక మెళకువ ఉంది. కొద్దిపాటి పాలిమర్‌ను దారంలోనే వదిలేస్తే ఆరాక గంజిలా బిగుస్తుంది. అప్పుడు తడిగా ఉన్న పువ్వు రేకులను గిన్నె మీద వంచి ఆరబెడితే ఆ వంపు నిలుస్తుంది. చెవిపోగులు, జడ పువ్వులు ఇలా వస్తాయి. ఒంటికి తగిలే అంచులకైతే మెత్తదనం కోసం బాగా జాడించాలి.

చేతి లేసు, యంత్రపు లేసు

ఈ లేసుతో నేరుగా పోటీ పడేది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక అక్కడి గ్రామాల్లో వేలాది మహిళల ఇంటి పనిగా స్థిరపడింది. సమాజ శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ప్రచురించిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకం ఆ మహిళలు ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తూనే గృహిణులుగా మాత్రమే లెక్కలోకి వస్తున్న తీరును అధ్యయనం చేసింది. ఎగుమతి సరుకు తయారుచేసే వారి శ్రమకు శ్రమ అన్న పేరే దక్కలేదన్నది ఆ పుస్తకం లేవనెత్తిన ప్రశ్న. ఈ క్రోషా లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. చవకగా వచ్చే యంత్రపు లేసు, ముఖ్యంగా చైనా సరుకు, ఈ చేతిపనికి గట్టి పోటీ.

రెండింటి నిర్మాణం వేరు. క్రోషాలో చిన్న కొక్కెంతో ప్రతి ఉచ్చునూ ముందు అల్లిన ఉచ్చులోంచి లాగుతారు. ప్రతి అడుగూ వెనకటి అడుగును పట్టుకుంటుంది కనుక ఆసరా పొర అవసరమే రాదు. చేతివేళ్లే ఆ ఆసరా. యంత్రపు లేసు ముందు ఆసరా మీద పుట్టి, ఆ తర్వాత దాన్ని వదిలించుకుంటుంది. ఈ తేడాను కొనేవారు కూడా పట్టుకోవచ్చు. భూతద్దం పెట్టి చూస్తే క్రోషాలో గొలుసులా సాగే ఒకే దారం ఉచ్చులు కనిపిస్తాయి. కొస విప్పి లాగితే వరుస వరుసగా ఊడివస్తుంది. కెమికల్ లేసులో సన్నని దారాలు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. పై దారం, బాబిన్ దారం రెండూ కనిపిస్తాయి. ఎంత లాగినా వరుసగా ఊడదు. అంచుల్లో కత్తిరించిన చోట చిన్న నూగు ఉంటుంది.

యంత్రపు లేసును యంత్రపు లేసుగానే అమ్మితే అందులో తప్పు పట్టాల్సింది లేదు. చిన్న పట్టణంలో ఒక యంత్రంతో బతికే కుటుంబానికి అదీ ఒక ఉపాధే. 'చేతి లేసు' అన్న పేరుతో దాన్ని అమ్మినప్పుడు నష్టపోయేది నరసాపురంలో ఉచ్చు ఉచ్చుగా అల్లిన మనిషి. భౌగోళిక సూచికకు విలువ రావాలంటే తేడా గుర్తించగల కొనుగోలుదారు ఉండాలి.

కరిగినది ఎటు పోతుంది

మరో ప్రశ్న నీళ్ల గురించి. ఉప్పు కరిగినట్టు పొర కరిగిపోతే అది మాయమైనట్టే అనిపిస్తుంది. కరగడం వేరు, విచ్ఛిన్నం కావడం వేరు. కరిగిన పాలీవినైల్ ఆల్కహాల్ అణువులు చెక్కుచెదరకుండా నీళ్లలోనే ఉంటాయి. వాటిని తినగల బాక్టీరియాను జపాన్ శాస్త్రవేత్తలు 1970ల్లోనే గుర్తించారు. కానీ ఆ సూక్ష్మజీవులు అన్ని మురుగునీటిలోనూ సరిపడినంత ఉండవు. అలవాటుపడటానికి సమయమూ తగిన పరిస్థితులూ కావాలి.

శుద్ధి కేంద్రాల్లో నిజంగా ఎంత విచ్ఛిన్నమవుతుందన్నది ఇంకా వివాదమే. బట్టలుతికే ద్రవాన్ని ఇదే పాలిమర్ పొరలో చుట్టి అమ్మే గుళికల మీద అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ఒక అంచనా ప్రచురించారు. వాటిలోని పాలిమర్‌లో సుమారు 75 శాతం శుద్ధి కేంద్రాలను దాటి పర్యావరణంలోకి చేరుతోందని వారి లెక్క. తయారీదారులు దీన్ని అంగీకరించలేదు. ఈ పాలిమర్ మీద కొత్త పరీక్షలు జరిపించాలన్న పిటిషన్‌ను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో తోసిపుచ్చింది. మురుగు నేరుగా కాలువలోకో చెరువులోకో పోయే మన ఊళ్లకు ఆ వాదనలో శుద్ధి కేంద్రం అన్న మొదటి మెట్టే ఉండదు.

ఎంబ్రాయిడరీ వాటా జౌళి మిల్లులతో పోలిస్తే చిన్నదే. చేనేతలో పడుగుకు గంజి పెట్టినట్టు మిల్లుల్లో నూలుకు ఇదే పాలిమర్ పట్టించి, నేత అయ్యాక కడిగేస్తారు. అయినా దుకాణం స్థాయిలో చేయగలిగింది ఉంది, అది డబ్బూ మిగిలిస్తుంది. 20 సెంటీమీటర్ల చదరపు ఫ్రేములో చదరపు మీటరుకు 40 గ్రాముల పొరను రెండు వరుసలు బిగించారనుకుందాం. మొత్తం 3.2 గ్రాములు. మధ్యలో కుట్టిన లేసు 10 సెంటీమీటర్ల చదరమైతే దాని కింద ఉన్నది 0.8 గ్రాములే. ఫ్రేము నుంచి తీసినదాన్ని తీసినట్టే నీళ్లలో వేస్తే అవసరానికి నాలుగింతల పాలిమర్ కాలువలోకి పోతుంది. ముందుగా లేసు అంచు దాకా కత్తిరించి, మిగిలిన ముక్కలను సీసాలో దాచిపెట్టి, కొద్ది నీటిలో కరిగిస్తే చిక్కని జిగురు వస్తుంది. పలుచని బట్టకు దాన్ని పూసి ఆరబెట్టి బిగుతుగా చేసుకుంటే మరో పొర కొనే పని తప్పుతుంది. తువ్వాళ్ల మీద కుట్టేటప్పుడు దారం పోగుల్లో కూరుకుపోకుండా పైన పరిచే పలుచని పొరకు కూడా మిగిలిన పెద్ద ముక్కలు సరిపోతాయి.